గాలికి ఫ్లాష్‌బ్యాక్ అక్కరలేదు

మా పర్లాకిమిడి ఇంటి పెరటి తలుపు శ్రావణంలో బిగుసుకుందంటే దసరా దాకా ఎవరి మాటా వినదు. తాతయ్య చేయించిన గుగ్గిలం తలుపు అది. వాన తేమకు ఉబ్బి ద్వారబంధంలో ఇరుక్కుంటుంది. భుజం ఆనించి తోస్తే కాసేపు మొండికేసి, ఇల్లంతా అదిరే చప్పుడుతో ఒక్కసారిగా వదులుతుంది. చిన్నప్పుడు ఆ చప్పుడుకి మా చెల్లెలు ఏడ్చేది. ఇప్పుడు దాని పిల్లలు ఏడుస్తున్నారు.

నిరుడు వానల్లో దాని సంగతి చూడమని మా వీధి వడ్రంగి మేస్త్రి గారిని పిలిపించాను. డెబ్బై దాటిన మనిషి. గడప దగ్గర చతికిలబడి సంచిలోంచి ఉలి, చిత్రిక తీసేలోపే వాన కుండపోతగా పట్టుకుంది. పెరటి వైపు నిలబడే వీలు లేక ఇద్దరం లోపలి గదిలోకి వచ్చాం. అక్కడ నా కంప్యూటర్‌లో ఒక పాత ఇంగ్లీషు సినిమా సగంలో ఆగి ఉంది. టీ తాగుతూ ఆయన దానివైపు చూశారు.

"నలుపు తెలుపు బొమ్మ. దేని గురించి బాబూ?"

"దయ్యాల కొంప గురించి మేస్త్రి గారూ."

"అయితే నడిపించు" అన్నారు, గ్లాసు కింద పెట్టి.

ఆ సినిమా 'ద హాంటింగ్'. 1963లో వచ్చింది. షిర్లీ జాక్సన్ 1959లో రాసిన నవలకు తెర రూపం. తీసినవాడు రాబర్ట్ వైజ్. రెండేళ్ల ముందు 'వెస్ట్ సైడ్ స్టోరీ'తో, రెండేళ్ల తరువాత 'ద సౌండ్ ఆఫ్ మ్యూజిక్'తో ఆస్కార్లు మూటగట్టుకున్న మనిషి ఈ రెండు పాటల పండుగల మధ్య ఇంగ్లండు వెళ్లి, తక్కువ డబ్బుతో, రంగులు లేకుండా, ఒక్క దయ్యాన్నయినా చూపించకుండా దయ్యాల సినిమా తీశాడు. ఒక్క దయ్యాన్నయినా అన్న మాట ఊరికే అనలేదు. 112 నిమిషాల బొమ్మలో తెల్ల చీర లేదు, విరబోసిన జుట్టు లేదు, వెనక్కి తిరిగిన పాదాలు లేవు. ఉన్నదల్లా ఇల్లు, చప్పుడు, నలుగురైదుగురు మనుషుల ముఖాలు.

మేస్త్రి గారు చూసిన ఘట్టం ఇది. అర్ధరాత్రి దాటింది. నలుగురు ఒక గదిలో ఉన్నారు. బయటి వసారాలో ఏదో బరువుగా తట్టుకుంటూ వస్తోంది. గది ముందుకు వచ్చి ఆగింది. మూసి ఉన్న పెద్ద తలుపు లోపలికి ఉబ్బడం మొదలుపెట్టింది. ఊపిరి పీల్చిన పొట్టలాగా ముందుకు వస్తుంది, సర్దుకుంటుంది, మళ్లీ వస్తుంది. పగలదు, తెరుచుకోదు.

"మళ్లీ చూపించు" అన్నారు. చూపించాను. "ఇంకోసారి." మూడోసారి అయ్యాక తేల్చి చెప్పారు. "ఇది నిండు పలక కాదు బాబూ. నిండు పలక ఇలా వంగదు, చీలుతుంది. పలచని పొరలు అతికించి చేశారు. వెనక ఎవడో బలమైనవాడు దుంగ పెట్టి తోస్తున్నాడు."

నాకు నోట మాట రాలేదు. జరిగింది సరిగ్గా అదే. ఆ తలుపును పొరల చెక్కతో చేయించారు. దాని వెనక కండలు తిరిగిన పనివాడొకడు కలప మొద్దు పెట్టి బలంకొద్దీ తోశాడు. యంత్రం లేదు, మాయ లేదు. అరవై ఏళ్లుగా సినిమా చరిత్రకారులు ఇష్టంగా చెప్పుకునే రహస్యాన్ని పర్లాకిమిడి మేస్త్రి టీ చల్లారేలోపు విప్పేశారు.

విప్పాక ఏం చేశారన్నదే నాకు బాగా గుర్తుండిపోయింది. నాలుగోసారి ఆ తలుపు ఉబ్బుతుంటే నేల మీద ఉన్న కాళ్లు రెండూ కుర్చీ మీదికి తీసుకుని మఠం వేసుకున్నారు. కిటుకు తెలిసిన మనిషికి కూడా కాళ్ల కింద ఖాళీ ఇబ్బందిగా తోచింది.

అప్పటినుంచి నా వాదన ఇదే, ఎవరు దొరికితే వారికి వినిపిస్తున్నాను. దయ్యాల కొంప సినిమాను భయపెట్టేలా చేసేది దయ్యం కాదు, కొంప. వడ్రంగులూ, తాపీ పనివారూ, చప్పుళ్లు పట్టుకొచ్చేవారూ కలిసి కట్టిన కొంప. మన తెలుగు సినిమా ఈ విషయంలో డబ్బంతా దయ్యం మీద పోసి కొంపను అద్దెకు తెచ్చుకుంటోంది.

వైజ్ ఇంటికోసం పడిన పాట్లు చూడండి. బయటి నుంచి కనిపించే ఇల్లు వారిక్‌షైర్‌లో ఉన్న ఎటింగ్టన్ పార్క్ అనే పాత బంగళా. ఇప్పుడది హోటలు, డబ్బు కడితే పడుకోవచ్చు. పగటి వెలుగులో మామూలు రాతి కట్టడమే. దాన్ని కొన్ని చోట్ల పరారుణ ఫిల్ముతో తీశారు. ఆ ఫిల్ము మీద రాతి చారలు, మచ్చలు పైకి తేలి గోడ ముఖం ముడతలు పడినట్టు కనిపిస్తుంది. లోపలి గదులన్నీ లండన్ దగ్గరి బోరమ్‌వుడ్‌లో ఎం.జి.ఎం. వారి స్టూడియోలో కళా దర్శకుడు ఎలియట్ స్కాట్ కట్టించినవి. మామూలుగా సినిమా సెట్టుకు పైకప్పు ఉండదు, దీపాలు పైనుంచి వేలాడాలి కాబట్టి. ఇక్కడ ప్రతి గదికీ పైకప్పు వేశారు. కెమెరా ఎటు తిరిగినా మనిషి నెత్తిమీద కప్పు కనిపిస్తుంది. చీకటి మూలలు కూడా పెద్దగా లేవు. గదులు దీపాలతో వెలుగుతూనే ఉంటాయి, నగిషీలతో కిక్కిరిసి ఉంటాయి. వెలుగులో భయపెట్టడం ఎంత కష్టమో మన దర్శకులను అడిగితే తెలుస్తుంది. కరెంటు పోకుండా వాళ్లకు దయ్యం రాదు.

లెన్సు సంగతి నాకు మరీ ఇష్టం. గోడల గీతలు కొంచెం వంకరగా కనిపించేంత విశాలమైన లెన్సు వైజ్‌కు కావలసి వచ్చింది. పానావిజన్ కంపెనీ దగ్గర 30 మిల్లీమీటర్లది ఒకటి ఉంది, కానీ ఇంకా తయారీలో ఉంది, బొమ్మను వంచేస్తుంది, ఇవ్వలేమన్నారు. ఆ వంకరే తనకు కావాలన్నాడు వైజ్. లోపం ఉందని తెలిసే తీసుకుంటున్నానని ఆయన చేత కాగితం మీద సంతకం పెట్టించుకుని మరీ ఇచ్చారు. పెళ్లి ఫొటోకి పనికిరాని అద్దం ఈ ఇంటికి సరిగ్గా సరిపోయింది. సినిమా అంతా చూస్తే ఎక్కడో ఏదో సమంగా లేదనిపిస్తుంది, ఏదని వేలు పెట్టి చూపలేం.

చప్పుడు మరో ఎత్తు. తలుపు తట్టే మోతలూ గొణుగుడులూ ముందే రికార్డు చేసి, నటులు నటిస్తుండగా సెట్టులో వినిపించారు. కథానాయిక జూలీ హారిస్, పక్కనున్న క్లెయిర్ బ్లూమ్ ఉలిక్కిపడేది దర్శకుడు చెయ్యి ఊపినందుకు కాదు, నిజంగా వినబడిన మోతకు. చిత్రీకరణ రోజుల్లో హారిస్ కుంగుబాటుతో ఎవరితోనూ కలవకుండా ఒంటరిగా ఉండేదట. తనంటే ఆమెకు గిట్టదేమో అనుకుంది బ్లూమ్. అంతా అయిపోయాక హారిస్ కానుక పట్టుకుని వెళ్లి కారణం చెప్పుకుంది.

ఈ పద్ధతి వైజ్‌కు ఆకాశం నుంచి ఊడిపడలేదు. 1944లో అతనికి మొదటిసారి దర్శకత్వం అప్పగించింది ఆర్.కె.ఓ. స్టూడియోలో చవక భయాల చిత్రాలు తీయించే నిర్మాత వాల్ లూటన్. ఆయన దగ్గర డబ్బు లేదు కాబట్టి రాక్షసుడు కూడా లేడు. నీడలు ఉన్నాయి, అడుగుల చప్పుడు ఉంది. లేమిలో నేర్చిన ఆ విద్యను పేరొచ్చాక కూడా వదలలేదు వైజ్. అదే నవలను 1999లో మళ్లీ తీశారు. సుమారు 8 కోట్ల డాలర్లు, కంప్యూటర్లు, కదిలే విగ్రహాలు, ఊడిపడే పైకప్పులు. నేను చూశాను. మేస్త్రి గారికి చూపించను.

ఇక అసలు మాట. నవల చదివాక సినిమాకు స్క్రీన్‌ప్లే రాసిన నెల్సన్ గిడ్డింగ్‌కు ఒక ఆలోచన వచ్చింది. ఈ ఇల్లంతా కథానాయిక చెదిరిన మనసే కాబోలు, దయ్యాల కొంప అనేది పిచ్చాసుపత్రి కాబోలు అని. వైజ్, తనూ కలిసి వెళ్లి జాక్సన్‌నే అడిగారు. ఆలోచన బాగానే ఉంది కానీ నేను రాసింది దయ్యాల గురించే అందామె. ఇద్దరూ తిరిగి వచ్చి ఏం చేశారు? ఏదీ తేల్చకుండా తీశారు. తట్టింది ఎవరో చివరిదాకా చెప్పలేదు.

మన దగ్గర చెప్పకుండా వదిలితే ప్రేక్షకుడు టికెట్టు డబ్బు తిరిగి అడుగుతాడని నమ్మకం. అందుకే విశ్రాంతి తరువాత ఇరవై నిమిషాలకు ఫ్లాష్‌బ్యాక్ వస్తుంది. పచ్చని పల్లె, నవ్వే అమ్మాయి, ఒక పాట, ఒక దుర్మార్గుడు, ఒక బావి. అక్కడితో నా భయం చచ్చిపోతుంది. అంతవరకూ వసారాలో తిరిగింది ఎవరో తెలియదు. ఇప్పుడు పేరు తెలిసింది, ఊరు తెలిసింది, ఎవరి మీద పగో తెలిసింది. నేను ఆమెకు ఏ అపకారమూ చేయలేదు కాబట్టి నన్ను ఏమీ చేయదని కూడా తెలిసింది. ఆమె దయ్యం కాదిప్పుడు, కక్షిదారు. న్యాయం జరిగేదాకా కూర్చుని చూస్తాను. జాలిపడతాను. భయపడను.

'ద హాంటింగ్'లో మాత్రం ఫ్లాష్‌బ్యాక్ లేదా అని మీరు అడగవచ్చు. ఉంది. మొదటి నిమిషాల్లోనే ఉంది. ఇల్లు కట్టినవాడు, అతని ఇద్దరు భార్యల చావులు, మంచం పట్టి సాయం కోసం గోడకు తట్టి తట్టి పోయిన కూతురు, గ్రంథాలయంలో మెలికల మెట్ల మీద ఉరి పోసుకున్న తోడుమనిషి. ఊళ్లో వాళ్లు చెప్పుకునే కబురులాగా గబగబా చెప్పేస్తారు. ఇంతమంది చచ్చారు, ఇక మీరే చూసుకోండి అన్నట్టు. తరువాత తలుపు మోగినప్పుడు అది వీరిలో ఎవరో, అసలు వీరిలో ఒకరో కాదో చెప్పరు. ఆ కథ మనకు తాళంచెవి ఇవ్వదు, గదులు పెంచుతుంది.

వైజ్ సినిమాను నెత్తిన పెట్టుకోవడం నా ఉద్దేశం కాదు. కథానాయిక మనసులో మాటలు మరీ ఎక్కువ. ముఖం చూస్తే తెలుస్తున్నదాన్ని గొంతుతో మళ్లీ చెప్పిస్తారు. పరిశోధకుడైన డాక్టరు ఉపన్యాసం మొదలుపెట్టినప్పుడల్లా నేను టీ పెట్టుకోవడానికి లేస్తాను.

నా చిరాకంతా ఒక్క మాట దగ్గర ఉంది. మనం ఇంకొకరి నుంచి నేర్చుకోనక్కరలేదు. మన ఇళ్లలోనే ఉంది. నాయనమ్మ ఎప్పుడూ దయ్యం అనలేదు. "గాలి" అనేది. సందెవేళ గడప మీద కూర్చోకు, గాలి తగులుతుంది. పిల్లకు గాలి సోకింది, మిరపకాయలు దిగదుడవండి. మహేంద్రతనయ ఒడ్డున మిట్టమధ్యాహ్నం ఒంటరిగా తిరగకు, గాలి మంచిది కాదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి మా ఊరు అటు వెళ్లి పాతపట్నం ఇటు మిగిలింది కానీ, గాలికి ఆ గీత పట్టలేదు. ఒడియా పొరుగింటి అత్త భూత అంటుంది, డాహాణి అంటుంది. మేము గాలి అంటాం. ఆ మాటకు ముఖం లేదు. చీర లేదు. ఆడో మగో తెలియదు. ఎటు నుంచి వచ్చిందో తెలియదు, తగిలాకే తెలుస్తుంది. వైజ్ సినిమాలో ఒక చోట వసారాలో ఒక జాగా మాత్రం ఉన్నట్టుండి చల్లగా ఉంటుంది. మనుషులు అక్కడ ఆగి చేతులు చాచి చూసుకుంటారు. నాయనమ్మ బతికి ఉంటే ఒక్క క్షణంలో పేరు చెప్పేది. ఇంత మంచి మాట నోట్లో పెట్టుకుని మనం తెర మీద జుట్టు విరబోస్తున్నాం.

నాయనమ్మ చివరి రెండేళ్లు మంచం మీదే గడిపింది. గొంతు లేవక, ఏదైనా కావలసి వస్తే చేతికర్రతో గోడకు తట్టేది. మంచినీళ్లకు రెండుసార్లు, అమ్మ కావాలంటే ఆపకుండా. మా వీధి ఇళ్లకు గోడలు కలిసి ఉంటాయి కాబట్టి పక్కింటివాళ్లకీ వినబడేది. వాళ్లే ఒక్కోసారి "మీ అత్తగారు పిలుస్తున్నారు" అని అమ్మకు కేకేసేవారు. ఆమె పోయిన నెల తరువాత కూడా అమ్మ రాత్రిపూట లేచి కూర్చునేది. ఏమిటమ్మా అంటే, ఏమీ లేదు, తట్టినట్టు అనిపించింది అనేది. లేచి ఆ గది దాకా వెళ్లి దీపం వేసి చూసి వచ్చేది.

వైజ్ సినిమాలో కథానాయిక కూడా పదకొండేళ్లు మంచాన పడిన తల్లికి చాకిరీ చేసిన మనిషి. తల్లి పోయిన రాత్రి గోడకు తట్టిందనీ, తాను లేవలేదేమో అనీ ఆమెకు లోపల దొలుస్తూ ఉంటుంది. ఆ తరువాత ఆ ఇంట్లో రాత్రి గోడ మోగుతుంది. నిద్ర మత్తులో "వస్తున్నానమ్మా" అన్నట్టు లేస్తుంది, అది తన ఇల్లు కాదని అప్పుడు గుర్తొస్తుంది. ఆ క్షణంలో నాకు తెర మీద కనిపించేది ఆమె కాదు, చేతిలో దీపంతో వసారాలో నిలబడ్డ మా అమ్మ. ఏ బావి ఫ్లాష్‌బ్యాకూ నాకు ఇంత పని చేయలేదు.

ఇదంతా మా అక్కకు ఫోనులో చెప్పాను. పెదనాన్న కూతురు, గుణుపురంలో ఉంటుంది, నా వ్యాసాలను ఉతికి ఆరేయడం ఆమెకు సరదా. అంతా విని, "నీకు భయం కావాలి, అంతే. మన సినిమాల్లో దయ్యమయ్యేది ఎవరో చూశావా? ఎప్పుడూ చంపేసిన ఆడపిల్లే. బతికుండగా ఆమె మాట ఎవరూ రాసుకోలేదు. చచ్చాకైనా ఇరవై నిమిషాలు చెప్పుకుంటుంటే, నా భయం పాడైందని గోల పెడుతున్నావు" అంది.

సమాధానం తట్టలేదు. రెండు రోజులు తట్టలేదు. తట్టాక కూడా అది నన్ను పూర్తిగా గెలిపించేది కాదు.

మా జిల్లా కొండల్లో సవరలు ఉన్నారు. గిడుగు రామమూర్తి గారు మా ఊరి బడిలో పాఠాలు చెబుతూనే వారి భాష నేర్చుకున్నారు. సవరల సంప్రదాయంలో చనిపోయినవారు వచ్చి మాట్లాడతారు. పూజ చేసే స్త్రీ పూనకంలోకి వెళుతుంది. ఆమె నోటి ద్వారా పోయినవారు ఒక్కొక్కరే వస్తారు. ఎలా పోయారో చెబుతారు. బంధువులు చుట్టూ కూర్చుని అడుగుతారు, వాదిస్తారు, ఏడుస్తారు, సర్దిచెబుతారు. అక్క చెప్పే ఇరవై నిమిషాలు అక్కడ ఏళ్ల తరబడి సాగే సంభాషణ. పోయినవారికీ ఉన్నవారికీ కొంత నెమ్మది కలిగేది అలా మాట్లాడుకోవడంలోనే.

అందుకే అక్కతో ఇలా అన్నాను. నువ్వన్నది నిజమే అక్కా. ఆ పిల్ల కథ చెప్పుకోవాలి. అయితే అది పంచాయతీ, దాన్ని పంచాయతీలాగే తీయాలి. మొదటి సన్నివేశం నుంచీ ఆమెను కూర్చోబెట్టి మాట్లాడనివ్వండి, మేము వింటాం. గంటన్నర సేపు ఆమెతో మమ్మల్ని జడిపించి, నవ్వించే బ్యాచీని ఆమె చేత తన్నించి, ఆఖరున కన్నీళ్లు పెట్టించడం ఆమెకూ మర్యాద కాదు, మాకూ కాదు. ఆమె చావు మీకు భయానికి ఒక సరుకు, తరువాత జాలికి ఒక సరుకు.

"ఇది నువ్వు రెండు రోజులు ఆలోచించి చెబుతున్నావు" అంది అక్క. ఫోను పెట్టేసింది. ఒప్పుకున్నట్టో కాదో తెలియదు.

మా ఊరి కుర్రాళ్లు కొందరు ఫోను కెమెరాలతో చిన్న సినిమాలు తీస్తారు. దయ్యాల సినిమా అనగానే రాజావారి కోటలోనో, నది ఒడ్డు మహలు దగ్గరో తీస్తామంటారు. నాకు అది నచ్చదు. కోటలో మనం ఎవరమూ ఉండలేదు. అక్కడ ఏ మెట్టు కిర్రుమంటుందో, ఏ కిటికీ రెక్క ఏ నెలలో బిగుసుకుంటుందో మనకు తెలియదు. తెలియని ఇంట్లో కొత్త చప్పుడు ఏదో, రోజూ వినే చప్పుడు ఏదో ఎలా తెలుస్తుంది? వైజ్ బంగళాను బయటి గోడల వరకే వాడుకుని లోపల తన ఇల్లు తాను కట్టుకున్నాడు. మనకు కట్టుకునే డబ్బు లేదు కాబట్టి కట్టి ఉన్నదే తీసుకోవాలి. గోడలు కలిసిన ఇల్లు, పొడుగాటి నడవ, చివర వెలుతురు చతురస్రంలా పెరడు, పక్కింటివాళ్ల కుక్కర్ కూత. రాత్రి పదకొండుకు ఆ కలిసిన గోడకు అటువైపు నుంచి ఎవరో తట్టాలి. పక్కింటికి తాళం వేసి ఉందని, వాళ్లు బరంపురం వెళ్లి నాలుగు రోజులైందని మనకు అప్పటికే తెలిసి ఉండాలి. అంతే. ఇంకేమీ చూపించవద్దు నాయనా అని ఒక కుర్రాడికి చెప్పాను. "తరువాత ఎవరో చూపించాలి కదండీ" అన్నాడు.

వాన రెండు గంటలకు తెరిపిచ్చింది. మేస్త్రి గారు లేచి పెరటి తలుపు దగ్గరికి వెళ్లారు. అరచేత్తో అంచు వెంబడి పైనుంచి కిందికి తడిమారు. ఒక చోట ఆగి వేలి కణుపుతో రెండుసార్లు తట్టి చెవి పెట్టారు. నేను చిత్రిక అందించబోయాను. తీసుకోలేదు.

"ఇప్పుడు గీస్తే హాయిగానే పడుతుంది బాబూ. పుష్యం వచ్చేసరికి చెక్క ఎండి ముడుచుకుంటుంది. అప్పుడు ఇక్కడ వేలు పట్టేంత సందు ఉంటుంది" అన్నారు. "గాలి దూరుతుంది."

సంచి భుజాన వేసుకుని, వెళ్లేముందు భుజం ఆనించి ఆ తలుపును ఆయనే బిగించి మూశారు.